ఊరెళ్లినా ఇంటి మీదే కన్ను

ఇంటి గేటు దగ్గర బిగించిన సీసీ కెమెరా బొమ్మ వేరే ఊళ్లో ఉన్నవారి ఫోనులోకి చేరేలోపు చాలా చేతులు మారుతుంది. కెమెరా నుంచి రికార్డరుకు, రికార్డరు నుంచి రూటరుకు, రూటరు నుంచి ఫైబర్ తీగలో ఇంటర్నెట్ సంస్థకు, అక్కడి నుంచి కెమెరా కంపెనీ సర్వరుకు, చివరికి సెల్ టవరు మీదుగా ఫోనుకు వెళుతుంది. ఈ మజిలీల్లో ఏది తెగినా యాప్ ఎక్కువగా చెప్పే మాట ఒక్కటే: ‘డివైస్ ఆఫ్‌లైన్’. ఎక్కడ తెగిందో మాత్రం చెప్పదు. ఈ దారి మొత్తం ఎలా సాగుతుందో తెలిస్తే కెమెరాలు బిగించుకోవడమూ తేలికే, పాడైనప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకోవడమూ తేలికే.

విశాఖపట్నంలోని సీతమ్మధారలో ఈ కెమెరాల అవసరమూ, వాటితో వచ్చే చిక్కులూ రెండూ బాగా కనిపిస్తాయి. ప్రహరీ, గేటు, బయటి మేడమెట్లు ఉన్న పాతకాలపు విడి ఇళ్ల పక్కనే సెల్లారు పార్కింగుతో అపార్టుమెంట్లు లేచాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకుంటుంటే పెద్దవాళ్లు ఇక్కడ ఉంటారు. వాళ్లు ఏడాదికి కొన్ని నెలలు పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఇంటికి తాళం పడుతుంది. సముద్రం మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి ఉప్పుగాలి తప్పదు. దానికి తోడు తుపాన్లు.

కెమెరాల్లో రకాలు

ఇంటికి కెమెరా కాపలా పెట్టాలన్న ఆలోచన పాతదే. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉండే నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ తలుపు బయట ఉన్నవారిని గదిలోని టీవీలో చూపే ఏర్పాటుకు 1966లో పేటెంటు కోరి 1969లో పొందారు. ఆ బొమ్మ ఇల్లు దాటి పోవడానికి దారి వేసింది నెట్‌వర్క్ కెమెరా. దాన్ని స్వీడన్‌కు చెందిన యాక్సిస్ సంస్థ 1996లో మార్కెట్లోకి తెచ్చింది.

ఇప్పుడు ఇళ్లలో కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది డీవీఆర్ అనే రికార్డరుకు కలిసే కెమెరా. దీనికి ‘త్రీ ప్లస్ వన్’ అని పిలిచే కేబుల్ లాగుతారు. అందులో బొమ్మను మోసే కోక్స్ తీగతో పాటు 12 వోల్టుల కరెంటుకు సన్నని తీగలూ ఉంటాయి. చివర్లకు బీఎన్‌సీ పిన్నులు బిగిస్తారు. ధర తక్కువ, మరమ్మతు తెలిసినవారు ఎక్కువ. రెండోది ఐపీ కెమెరా. ఇది కంప్యూటర్లకు వాడే లాన్ కేబుల్‌తో ఎన్‌వీఆర్ అనే రికార్డరుకు కలుస్తుంది. పీఓఈ పద్ధతిలో అదే కేబుల్ కరెంటునూ మోస్తుంది. ఒక్కో కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మూడోది వైఫై కెమెరా. దీనికి రికార్డరు అక్కర్లేదు, లోపల మెమరీ కార్డు పెట్టుకుంటే చాలు. అద్దె ఫ్లాట్లలో గోడలు తొలచకుండా పెట్టుకోవడానికి వీలైనదే అయినా, వైఫై సిగ్నలు ఎంత బలంగా ఉంటే ఇదీ అంత బాగానే పనిచేస్తుంది.

విడి ఇంటికి నాలుగు కెమెరాలు కావాలంటే తీగ లాగే రకమే మేలు. ఫ్లాటులో గుమ్మం బయట ఒకటి, హాల్లో ఒకటి చాలనుకుంటే వైఫై రకం సరిపోతుంది.

ఎక్కడ బిగించాలి

ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు కెమెరాను అందనంత ఎత్తున, వీలైనంత ఎక్కువ జాగా కనిపించేలా పెట్టడం. అలా పెడితే మనిషి వచ్చాడని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. ముఖం గుర్తుపట్టాలంటే కెమెరా పరిభాషలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉంటుంది. 2.8 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు 100 డిగ్రీల మేర చూస్తుంది కాబట్టి అందులో ముఖం గుర్తుపట్టగలిగేది మూడు మీటర్ల చిల్లర దూరంలోనే. 3.6 మిల్లీమీటర్ల లెన్సుతో నాలుగున్నర మీటర్లు, 6 మిల్లీమీటర్ల లెన్సుతో ఎనిమిది మీటర్లు వస్తుంది. గేటు ఇంటి గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉంటే అక్కడికి 6 మిల్లీమీటర్ల లెన్సు, వరండాకు 2.8 లెన్సు తీసుకోవాలి. నాలుగూ ఒకే రకం కొనడం దండగ.

ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తు సరిపోతుంది. అంతకన్నా పైన పెడితే తలలే కనిపిస్తాయి. తూర్పుముఖం గేటు మీదికి గురిపెడితే పొద్దుటెండ ఎదురుగా పడి మనుషులు నల్లటి నీడల్లా కనిపిస్తారు. కాస్త పక్కకు తిప్పి పెట్టాలి, లేదా వెలుగునూ నీడనూ సర్దే డబ్ల్యూడీఆర్ సదుపాయం ఉన్నది తీసుకోవాలి. తెల్లగోడనో సన్‌షేడ్ అంచునో తాకేలా బిగిస్తే రాత్రి కెమెరా వెదజల్లే పరారుణ కాంతి దానిమీద పడి తిరిగొస్తుంది. అప్పుడు బొమ్మలో గోడ మెరుస్తూ మిగతాదంతా చీకటిగా ఉంటుంది.

ఉప్పుగాలికి ముందు దెబ్బతినేది కెమెరా కాదు, దాని వెనక వేలాడే పిన్ను. బయట గాలికి వదిలేసిన బీఎన్‌సీ పిన్నును కొన్నాళ్ల తర్వాత విప్పి చూస్తే లోపలి రాగి తీగ మీద ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంటుంది. బొమ్మ మీద అడ్డగీతలు రావడానికీ, వానపడ్డ రోజు బొమ్మ మాయమై ఎండకు మళ్లీ రావడానికీ చాలాసార్లు కారణం అదే. ప్రతి కెమెరా వెనకా మూతబిగువైన ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు పెట్టించి పిన్నులన్నీ అందులోకి తోయించాలి. కేబుల్ బాక్సులోకి పై నుంచి కాకుండా కింద నుంచి వెళ్లాలి. కిందికి కాస్త వంపు ఇస్తే వాననీరు అక్కడే కారిపోతుంది.

రికార్డింగు ఎన్ని రోజులు ఉంటుంది

దూరం నుంచి చూడడం ఎంత బాగున్నా ఇంట్లో జరిగే రికార్డింగే అసలు. ఇంటర్నెట్ పోయినా అది సాగుతూనే ఉంటుంది. ఎన్ని రోజులు నిలుస్తుందో హార్డ్ డిస్కు పరిమాణాన్ని బట్టి లెక్క వేసుకోవచ్చు.

రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మను కుదించే హెచ్.265 పద్ధతిలో సెకనుకు సుమారు 2 మెగాబిట్లు రాస్తుంది. రోజుకు 86,400 సెకన్లు, 8 బిట్లు ఒక బైటు. ఆ లెక్కన కెమెరాకు రోజుకు 21.6 జీబీ, నాలుగు కెమెరాలకు 86 జీబీ పైన. 1 టీబీ డిస్కులో అది పదకొండు పన్నెండు రోజులు నిలుస్తుంది. పాత హెచ్.264 పద్ధతిలో దాదాపు రెట్టింపు జాగా పడుతుంది కాబట్టి ఆరు రోజులు కూడా రాదు. డిస్కు నిండగానే రికార్డరు పాతదాన్ని చెరిపేసి కొత్తది రాస్తుంది. నెల రోజుల ఊరి ప్రయాణానికి నాలుగు కెమెరాల రికార్డింగు మొత్తం కావాలంటే 2.6 టీబీ దాకా అవసరం. కదలిక ఉన్నప్పుడే రాసేలా అమర్చుకుంటే అదే డిస్కు ఇంకా చాలా రోజులు వస్తుంది. ఎక్కువమంది గుమిగూడే వ్యాపార, ప్రజాస్థలాల్లో కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు దాచాలని ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం 2013 చెబుతోంది. ఇళ్లకు ఆ నిబంధన లేకపోయినా 30 రోజులన్నది పాటించదగిన కొలతే.

వైఫై కెమెరాలో 128 జీబీ కార్డు వేసి 2 మెగాబిట్ల నాణ్యతతో రాస్తే ఆరు రోజుల లోపే నిండుతుంది. కెమెరాల కోసం చేసిన, పదేపదే రాయడాన్ని తట్టుకునే కార్డు కొనాలి. డిస్కు విషయంలోనూ అంతే. కంప్యూటరు నుంచి ఊడదీసిన పాత డిస్కును డీవీఆర్‌లో పెడితే రాత్రింబవళ్లు రాసే పనికి అది ఎక్కువ కాలం ఆగదు.

ఇంట్లోంచి బయటికి దారి

ఇంట్లోని రికార్డరును బయటి నుంచి చేరడానికి ఒకప్పుడు ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ చేసేవారు. ఇంటి కనెక్షనుకు ఒక సొంత ఐపీ నంబరు ఉంటుంది, ఆ నంబరుకు వచ్చిన పిలుపును రూటరు రికార్డరుకు అందిస్తుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో అది కుదరదు, కారణం నంబర్ల కరువు. ఐపీ నాలుగో తరం నంబర్లు ప్రపంచం మొత్తానికి 429 కోట్లే. ఆసియా పసిఫిక్ దేశాలకు పంచే ఏప్‌నిక్ దగ్గర మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుకే ఇంటర్నెట్ సంస్థలు సీజీనాట్ అనే పద్ధతిలో ఒకే నంబరును వందల ఇళ్లకు పంచుతాయి. ఫ్లాటు నంబరు లేకుండా అపార్టుమెంటు పేరుతో మాత్రమే ఉత్తరం వస్తే అది వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయినట్టు, బయటి నుంచి వచ్చే పిలుపు సంస్థ దగ్గరే ఆగిపోతుంది. రూటరు పేజీలో కనిపించే బయటి నంబరు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ ఇల్లు సీజీనాట్ వెనక ఉన్నట్టే.

ఈ ఇబ్బందిని దాటడానికే ఇప్పటి యాప్‌లు పీ2పీ పద్ధతి వాడతాయి. ఇక్కడ పిలుపు బయటి నుంచి రాదు. రికార్డరే కంపెనీ సర్వరుకు ఫోన్ చేసి ‘ఉన్నాను’ అని చెబుతూ ఉంటుంది. యజమాని యాప్ తెరిస్తే ఆ సర్వరు ఇద్దరినీ కలుపుతుంది. నేరుగా కలపడం కుదరకపోతే బొమ్మను తన మీదుగా పంపుతుంది. రికార్డరు మీద ఉండే క్యూఆర్ కోడు దాని గుర్తింపు సంఖ్య. దాన్ని యాప్‌తో స్కాన్ చేస్తే సరిపోతుంది, సొంత ఐపీ నంబరు అవసరం లేదు.

బొమ్మ బయటికి పోవడానికి కావలసింది అప్‌లోడ్ వేగం. నాలుగు కెమెరాలనూ పూర్తి నాణ్యతతో ఒకేసారి చూడాలంటే సెకనుకు 8 మెగాబిట్ల అప్‌లోడ్ ఉండాలి. అందుకే ప్రతి కెమెరాకూ ‘సబ్ స్ట్రీమ్’ అనే చిన్న బొమ్మ కూడా ఉంటుంది. అది అర మెగాబిట్‌తో సరిపెట్టుకుంటుంది. నాలుగు గళ్లలో చూసేటప్పుడు అది వాడి, అనుమానం వచ్చిన కెమెరాను మాత్రం పూర్తి నాణ్యతతో తెరవాలి. చూసేవారి ఫోను డేటా కూడా మిగులుతుంది. పూర్తి నాణ్యతతో ఒక కెమెరాను గంటసేపు చూస్తే 900 ఎంబీ ఖర్చవుతుంది, సబ్ స్ట్రీమ్‌తో 230 ఎంబీలోపే.

అమర్చే వరుస

ముందుగా కెమెరాలన్నీ రికార్డరుకు తగిలించి, టీవీకి కలిపి, బొమ్మలన్నీ సరిగా వస్తున్నాయో చూసుకోవాలి. ఇంట్లోనే రాని బొమ్మ వేరే ఊళ్లో కనిపించదు. తర్వాత అడ్మిన్ పాస్‌వర్డు పెట్టుకోవాలి. ఆ తర్వాత తేదీ, గంట. కాలమండలం 5:30 అని పెట్టి, గంటను ఇంటర్నెట్ నుంచి సరిచూసుకునే ఎన్‌టీపీని ఆన్ చేయాలి. నెట్‌వర్క్ పేజీలో ఐపీ నంబరును రూటరే ఇచ్చేలా డీహెచ్‌సీపీ పెట్టడం ఇళ్లకు మంచిది. అప్పుడు పీ2పీని ఆన్ చేస్తే ‘ఆన్‌లైన్’ అని చూపాలి.

ఇక యాప్ ఖాతా. ఇది యజమాని ఫోనులో, యజమాని నంబరుతోనే తెరవాలి. బిగించే టెక్నీషియన్ పని త్వరగా తేలాలని తన ఈమెయిలుతోనే రికార్డరును జోడించి వెళ్లిపోవడం మామూలు. ఏడాది తర్వాత ఫోను మారిస్తే ‘ఈ డివైస్ వేరే ఖాతాకు జోడించి ఉంది’ అని యాప్ మొరాయిస్తుంది. అప్పటికి ఆ కుర్రాడి నంబరు కూడా మారిపోయి ఉంటుంది. అమెరికాలోని కొడుక్కి, హైదరాబాద్‌లోని కూతురికి పాస్‌వర్డు చెప్పనక్కర్లేదు. యాప్‌లోని ‘షేర్’ ద్వారా చూసే హక్కు మాత్రమే ఇవ్వవచ్చు.

వైఫై కెమెరాను జోడించేటప్పుడు ఎక్కువగా వచ్చే చిక్కు ఒకటుంది. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది. రూటరులో ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఫోనును 2.4కు మార్చి జోడిస్తే పని అయిపోతుంది.

చివరి పరీక్ష తప్పనిసరి. ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటాతో యాప్ తెరవాలి. ఇంటి వైఫై మీద బొమ్మ వచ్చినంత మాత్రాన దూరం నుంచి వస్తుందని నమ్మడానికి లేదు. లైవ్‌తో పాటు నిన్నటి రికార్డింగునూ తెరిచి చూశాకే టెక్నీషియన్‌కు డబ్బులివ్వాలి.

బొమ్మ రానప్పుడు

మొదట తేల్చుకోవలసింది పోయింది అన్ని కెమెరాలా, ఒక్కటేనా అన్నది. అన్నీ పోతే లోపం చాలావరకు రికార్డరు నుంచి బయటి వైపు ఉంటుంది. ఒక్కటే పోతే రికార్డరు నుంచి కెమెరా వైపు ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్నతో వెతుకులాట సగం తగ్గుతుంది.

అన్నీ పోయాయనుకుందాం. తాళంచెవి ఉన్న పక్కింటివారిని లోపలికి వెళ్లి మూడు చోట్ల చూడమనాలి. ఒకటి, కరెంటు ఉందా. రెండు, ఫైబర్ పెట్టె మీద ‘ఎల్‌ఓఎస్’ అన్న చోట ఎర్రలైటు వెలుగుతోందా. వెలిగితే బయట ఫైబర్ తెగినట్టు. అది ఇంటర్నెట్ సంస్థ సరిచేయాలి, ఇంట్లో ఎన్ని తీగలు కదిపినా లాభం లేదు. విశాఖలో చాలా చోట్ల ఇంటర్నెట్ తీగలు స్తంభాల మీదుగానే వస్తాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీద లాగిన తీగతోనే ఊరూరా చేరింది. గాలికి ఊగి, కొమ్మ పడి అవి తెగడం సహజం. మూడు, రూటరు లైట్లు బాగుంటే రికార్డరు వెనక లాన్ పిన్ను దగ్గర చిన్న లైటు మిణుకుతోందా. ఎలుక కొరికినా పిన్ను వదులైనా అది ఆరిపోతుంది.

లైట్లన్నీ బాగుండి, ఇంట్లో టీవీ మీద బొమ్మ ఉండి, యాప్‌లో మాత్రం రాకపోతే అనుమానించాల్సింది రూటరు మార్పు. పాత సంస్థ మాన్పించి కొత్త కనెక్షను తీసుకున్న వారంలో ఈ ఫిర్యాదులు ఎక్కువ. పాత రూటరు నంబరు 192.168.1.1 అనుకుంటే, దానికి తగ్గట్టు టెక్నీషియన్ రికార్డరుకు 192.168.1 తో మొదలయ్యే స్థిర నంబరు ఇచ్చి ఉంటాడు. జియో రూటరు నంబరు 192.168.29.1. రికార్డరు పాత నంబరు పట్టుకుని కూర్చుంటుంది, కొత్త రూటరుకు దాని భాష అందదు. మెనూలో నెట్‌వర్క్ పేజీకి వెళ్లి డీహెచ్‌సీపీ టిక్ చేసి రికార్డరును ఒకసారి ఆపి వేస్తే ఆన్‌లైన్ అవుతుంది. కొత్త కెమెరాలు కొనాలని చెప్పే ముందు ఈ పని చేసి చూడాలి.

వైఫై కెమెరాలకు ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. రూటరు మారితే వైఫై పేరు, పాస్‌వర్డు మారతాయి, కెమెరా పాతదాని కోసమే వెతుకుతుంది. కొత్త రూటరులో పాత పేరూ పాత పాస్‌వర్డే పెడితే కెమెరాలన్నీ వాటంతట అవే కలుస్తాయి.

ఒక్క కెమెరా పోతే దాని తీగనూ పక్క కెమెరా తీగనూ రికార్డరు వెనక తారుమారు చేయాలి. బొమ్మ వస్తే పాడైంది రికార్డరులోని పోర్టు. రాకపోతే లోపం తీగలోనో అడాప్టరులోనో కెమెరాలోనో ఉంది. పిన్నులు విప్పి, గీకి, మళ్లీ బిగించడంతోనే చాలా కెమెరాలు బతుకుతాయి.

పగలు బాగా పనిచేసి, చీకటి పడగానే ఆరిపోయే కెమెరా చాలామందిని తికమక పెడుతుంది. పరారుణ దీపాలు వెలగగానే కెమెరా లాగే కరెంటు పెరగడమే దీనికి మూలం. 0.2 చదరపు మిల్లీమీటర్ల మందం రాగి తీగ 40 మీటర్లు లాగారనుకుందాం. పోను రాను కలిపి 80 మీటర్లు, నిరోధం దాదాపు 7 ఓములు. పగలు 0.15 ఆంపియర్లు లాగినప్పుడు తీగలో 1 వోల్టు పోయి కెమెరాకు 11 వోల్టులు అందుతాయి. రాత్రి 0.4 ఆంపియర్లు లాగితే 2.8 వోల్టులు తీగలోనే కరిగిపోయి 9.2 వోల్టులే మిగులుతాయి. కెమెరా ఆరిపోతుంది. ఆరగానే భారం తగ్గి వోల్టేజీ పెరుగుతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. రాత్రంతా ఇదే తంతు. రాగికి బదులు రాగిపూత అల్యూమినియం తీగ వాడితే నష్టం ఇంకా ఎక్కువ. కెమెరాలకు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె దగ్గర ఎన్ని వోల్టులున్నాయో చూస్తే లోపం కనబడదు. రాత్రిపూట కెమెరా చివర మీటరు పెట్టి చూడాలి. ఆ కెమెరా దగ్గరే విడిగా అడాప్టరు ఇస్తే సమస్య పోతుంది. మందపాటి కరెంటు తీగ వేసినా సరే.

లైవ్ వస్తోంది గానీ రికార్డింగు దొరకడం లేదంటే రెండు కారణాలు చూడాలి. రికార్డరు కీచుమంటూ ఉంటే డిస్కు చెడిపోయినట్టు. చాలామంది ఆ చప్పుడు భరించలేక మెనూలో బీప్ ఆపేస్తారు, దొంగతనం జరిగాక గానీ డిస్కు పనిచేయడం లేదని తెలియదు. చప్పుడేమీ లేకపోతే తేదీ తప్పి ఉండవచ్చు. లోపలి బటన్ బ్యాటరీ అయిపోయిన రికార్డరు కరెంటు పోయినప్పుడల్లా ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. అప్పుడు నిన్నటి దృశ్యాలు వేరే ఏడాది కింద ఉంటాయి. విదేశంలో ఉన్నవారికి ఇంకో తిరకాసు ఉంది. వేసవిలో సీతమ్మధారలో అర్ధరాత్రి పన్నెండు గంటలంటే కాలిఫోర్నియాలో అంతకు ముందు పగలు పదకొండున్నర. కొన్ని యాప్‌లు ఫోనులోని గంటను బట్టి చూపుతాయి. బొమ్మ మీద అచ్చయిన గంటనే నమ్మాలి.

రాత్రంతా ‘కదలిక’ హెచ్చరికలు వస్తుంటే దొంగకన్నా ముందు సాలీడును అనుమానించాలి. పరారుణ కాంతి చుట్టూ పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు లెన్సు ముందే గూడు అల్లుతుంది. గాలికి ఊగే ఒక్క దారం కెమెరా కళ్లకు మనిషంత తెల్లగా కనిపిస్తుంది. వారానికోసారి కర్రకు గుడ్డ చుట్టి తుడిపిస్తే చాలు. కదిలే వస్తువుల్లో మనిషిని వేరుచేసి గుర్తించే సదుపాయం ఉన్న కెమెరాల్లో ఆ ఎంపిక ఆన్ చేస్తే ఈ బెడద చాలా తగ్గుతుంది.

కరెంటు పోతే

తూర్పు జిల్లాల కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం సీతమ్మధారలోని పీ అండ్ టీ కాలనీలోనే ఉంది. అయినా గాలివాన వస్తే ఈ పేటకూ కరెంటు పోతుంది. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలోనూ సాధారణంగా రికార్డరు మాత్రమే దానికి కలిపి ఉంటుంది. ఫైబర్ పెట్టె, రూటరు వేరే గదిలో మామూలు ప్లగ్గుకు ఉంటాయి. కరెంటు పోగానే రికార్డింగు సాగుతుంది, చూడడం ఆగుతుంది. ఫైబర్ పెట్టె, రూటరు, రికార్డరు, కెమెరాల ఎస్‌ఎంపీఎస్ నాలుగూ ఒకే ఇన్వర్టరు మీద ఉండాలి. ఇన్వర్టరు లేకపోతే రూటరుకు చిన్న 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది.

దీనికీ ఒక హద్దుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతపు గాలులతో విశాఖను తాకినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు ఏ యాప్ పనిచేయదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తాళం వేసిన ఇంట్లో రికార్డరు ప్లగ్గు, ఫైబర్ తీగ తీయించి పెట్టుకోవడమే తెలివైన పని.

యజమాని వచ్చే దారిలో ఇతరులు

యజమానికి తెరుచుకున్న దారి ఇతరులకూ తెరుచుకోవచ్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను వశం చేసుకుంది. దాని ఆయుధం ఫ్యాక్టరీలో పెట్టిన అరవై పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డుల జాబితా. యజమానులు మార్చని పాస్‌వర్డులే దానికి తాళంచెవులయ్యాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలతో ఒక్కసారిగా దాడి చేయించి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను నిలిపివేశారు. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి గదుల దృశ్యాలు బయటపడి టెలిగ్రామ్‌లో అమ్ముడయ్యాయి. అక్కడా బలహీనమైన పాస్‌వర్డే దారి ఇచ్చింది.

అందుకే రికార్డరుకూ యాప్ ఖాతాకూ వేర్వేరు పొడవైన పాస్‌వర్డులు పెట్టాలి. ఖాతాకు ఓటీపీ రక్షణ ఉంటే ఆన్ చేయాలి. పీ2పీ పనిచేస్తున్నప్పుడు రూటరులో పోర్టులు తెరిచి ఉంచకూడదు, పోర్టులను దానంతట అదే తెరిచే యూపీఎన్‌పీని ఆపేయాలి. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వేయించాలి. పడకగదిలోకీ స్నానాలగది దారిలోకీ కెమెరా పెట్టకపోవడమే అన్నిటికన్నా గట్టి రక్షణ. కొత్తగా కొనేవారు పరికరానికి భద్రతా పరీక్ష జరిగిందో లేదో అడగాలి. సీసీ కెమెరాలకు తప్పనిసరి భద్రతా పరీక్షలను కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి.

పక్కింటివారు, పోలీసులు

సొంత గేటు, ముందున్న వీధి కనిపిస్తే తప్పు లేదు. ఎదురింటి కిటికీ, పక్కింటి పెరడు కనిపిస్తే గొడవే. ఒకరి ఆంతరంగిక దృశ్యాలను అనుమతి లేకుండా తీయడం, పంచడం ఐటీ చట్టం 66ఈ సెక్షను కింద నేరం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. కెమెరాను తిప్పడం కుదరకపోతే మెనూలోని ‘ప్రైవసీ మాస్క్’తో పక్కింటి భాగాన్ని నల్లగా మూసేయవచ్చు. అపార్టుమెంటు వరండాలో ఫ్లాటు బయట కెమెరా పెట్టే ముందు సంఘంలో ఒక మాట చెప్పడం మంచిది. ఇంట్లో పనిచేసేవారికీ కెమెరాలు ఉన్న సంగతి చెప్పాలి.

దొంగతనం జరిగితే ముందు చేయాల్సింది ఆ దృశ్యాలను చెరిగిపోకముందే పెన్ డ్రైవులోకి తీయించడం. ఫోనులో తెర మీది బొమ్మను మళ్లీ వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే గుర్తుపట్టడానికి పనికొస్తుందేమో గానీ సాక్ష్యంగా నిలవడం కష్టం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జత చేయాలి. అందుకే రికార్డరును కదపకుండా పోలీసులకు చూపించాలి. రికార్డరు గంటకూ అసలు గంటకూ తేడా ఉంటే అదీ రాసుకుని చెప్పాలి. రికార్డరునే దొంగలు ఎత్తుకుపోయే వీలు ఉంది కాబట్టి దాన్ని టీవీ కింద కాకుండా తాళం ఉన్న అలమారాలోనో అటక మీదో గాలి ఆడేలా ఉంచాలి.

కెమెరాలు లేని ఇళ్లకు కూడా ఒక మార్గం ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017లో తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఉచిత ఏర్పాటు తెచ్చారు. ఊరెళ్లేవారు యాప్‌లో నమోదు చేసుకుని తేదీలు చెబితే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక కనిపిస్తే కంట్రోలు రూముకు హెచ్చరిక వెళ్లి గస్తీ సిబ్బంది వస్తారు. సొంత కెమెరాలు ఉన్నవారికీ ఇది అదనపు అండ. కెమెరాలో మనిషి కనిపించినా, అమెరికాలో ఉన్న కొడుకు పరిగెత్తుకు రాలేడు. అందుకే ప్రయాణానికి ముందు కెమెరాలు, డిస్కు, ఇన్వర్టరు, మొబైల్ డేటా మీద యాప్ ఒకసారి సరిచూసుకోవాలి. దగ్గరి పోలీసు స్టేషను నంబరునూ, తాళంచెవి ఉన్న పక్కింటివారి నంబరునూ చూసే ప్రతి ఒక్కరి ఫోనులో దాచి ఉంచాలి. బొమ్మలో మనిషి కనబడగానే 112కు ఫోన్ చేయాలి. ఆ నంబరు చూసేవారు ఉన్న రాష్ట్రానికే కలుస్తుంది కాబట్టి బయటి రాష్ట్రాల్లో, విదేశాల్లో ఉన్నవారు ముందే దాచుకున్న స్టేషను నంబరుకే చేయాలి.